ఫోటో తెరిస్తే ఫోను హ్యాక్ అవుతుందా? బొమ్మలను చదివే ప్రోగ్రాముల సంగతి

బెంగళూరు మారతహళ్లి దగ్గర మేముండే అపార్ట్‌మెంటులో సగానికి పైగా తెలుగువాళ్లమే. వాట్సాప్ గ్రూపులో ఉదయం ఆరింటికల్లా వేంకటేశ్వరస్వామి దర్శనమిస్తాడు, ఏడింటికి గులాబీలు పూస్తాయి, పండుగైతే ముగ్గులు వచ్చి పడతాయి. ఈ మధ్య ఒకరోజు ఆ వరుస తెగిపోయింది. "శుభోదయం బొమ్మల్లో హ్యాకర్లు కోడ్ దాచి పంపుతున్నారు, తెరిస్తే బ్యాంకు ఖాతా ఖాళీ" అని ఎవరో పెట్టారు. దాని కిందే ఇంకొకరు సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన హెచ్చరిక తాలూకు వార్త ఒకటి అతికించారు. మొదటిది ఏళ్ల తరబడి తిరుగుతున్న పుకారు. రెండోది నిజమైన హెచ్చరిక. ఒకదాని కింద ఒకటి పడేసరికి జనానికి రెండూ ఒకటే అనిపించాయి.

మూడో అంతస్తులో ఒక లెక్కల మాస్టారు ఉంటారు. హిందూపురంలో రిటైరై కొడుకు దగ్గరికి వచ్చారు. నాది సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగమని తెలిసి, లిఫ్టు దగ్గర ఆపి అడిగారు: "బాబూ, బొమ్మ చూస్తే ఫోను ఎలా పోతుంది? బొమ్మకు చేతులున్నాయా?"

లేవు మాస్టారూ. చేతులున్నది బొమ్మను చదివే ప్రోగ్రాముకు. ఆ సంభాషణ నాలుగైదు సాయంత్రాలు సాగింది. ఆయన అడిగిన ప్రశ్నల వరసలోనే ఇది రాస్తున్నాను.

ఒకే పేరు కింద మూడు భయాలు

"ఫోటోతో హ్యాకింగ్" అని గ్రూపుల్లో తిరిగే మాటలో కనీసం మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి.

మొదటిది శుభలేఖ మోసం. తెలియని నంబరు నుంచి "మా పెళ్లికి తప్పక రండి" అంటూ ఒక ఫైలు వస్తుంది. దాని పేరు చివర ఏపీకే అని ఉంటుంది. ట్రాఫిక్ చలానా పేరుతోనో, బ్యాంకు కేవైసీ పేరుతోనో వచ్చేదీ ఇదే. అది బొమ్మ కాదు, ఆండ్రాయిడ్ యాప్. దాన్ని ఎక్కించమంటారా అని ఫోను అడుగుతుంది, మనం సరేనంటాం. మెసేజీలు చదివే అనుమతి అడిగితే అదీ ఇస్తాం. ఆ తర్వాత ఓటీపీలు అవతలి వాడికి చేరతాయి. ఇందులో సాఫ్ట్‌వేర్ లోపం ఏమీ లేదు, తలుపు తీసింది మనమే.

రెండోది స్టెగనోగ్రఫీ. బొమ్మలోని రంగుల విలువలను కంటికి తేడా తెలియనంత కొద్దిగా మార్చి, వాటిలో సమాచారం దాచే విద్య ఇది. టీవీ చర్చల్లో ఈ మాట గంభీరంగా వినిపిస్తుంది. కానీ దాచిన సమాచారం దానంతటది లేచి నడవదు. బయటికి తీసి నడిపే ప్రోగ్రాము ఒకటి ఫోనులో ముందే ఉండాలి. పుస్తకం అట్టలో చీటీ దాచినట్టే. ఎక్కడ వెతకాలో తెలిసినవాడు ఇంట్లో ఉంటేనే ఆ చీటీకి విలువ.

మూడోదే అసలు విషయం. బొమ్మను తెరమీద చూపించడానికి ఫోను దాన్ని చదవాలి. చదివే ప్రోగ్రాములో పొరపాటు ఉంటే, ఆ పొరపాటు మీద సరిగ్గా దెబ్బ పడేలా బొమ్మ ఫైలును తయారుచేయవచ్చు. ఇక్కడ మనం అనుమతి ఇవ్వాల్సిన పని లేదు. కొన్నిసార్లు తెరవాల్సిన పని కూడా లేదు. సెర్ట్-ఇన్ హెచ్చరికల్లో క్రోమ్, ఆండ్రాయిడ్, ఐఫోన్ పేర్లతో తరచుగా కనిపించే లోపాల్లో ఈ జాతివి చాలా ఉంటాయి.

ఫోటో ఫైలంటే ముగ్గుల పుస్తకంలో వాక్యం లాంటిది

వారపత్రికల్లో ముగ్గు కింద ఒక వాక్యం ఉండేది గుర్తుందా? "15 చుక్కలు, 8 వచ్చేవరకు, సందు చుక్క." చదివిన ఆవిడ ఆ ఒక్క ముక్కతో వాకిలంతా చుక్కలు పెట్టేస్తుంది. మధ్య వరసలో 15, దానికి పైనా కిందా 14, 13 అలా 8 వరకు. మొత్తం 169 చుక్కలు. మాస్టారు నాకంటే ముందే కట్టేశారు.

ఫోటో ఫైలు కూడా ఇలాంటి వాక్యమే. మొదట్లో చిన్న పీఠిక ఉంటుంది: ఇది ఏ రకం ఫైలు, వెడల్పు ఎంత, ఎత్తు ఎంత, రంగులను ఏ పద్ధతిలో కుదించారు. ఆ వెనకాల కుదించిన సమాచారం. చదివే ప్రోగ్రామును డికోడర్ అంటారు. పీఠికలోని అంకెలు చూసి అది మెమరీలో కొంత జాగా కేటాయించుకుని, ఆపైన సూచనలను ఒక్కొక్కటిగా విప్పుతూ ఆ జాగాను నింపుతుంది.

కుదించడం ఎందుకంటే, 4,000 చుక్కల వెడల్పు, 3,000 చుక్కల ఎత్తు ఉన్న మామూలు ఫోను ఫోటోలో 1.2 కోట్ల చుక్కలుంటాయి. ఒక్కో చుక్కకు మూడు రంగుల విలువలు మూడు బైట్లు. అంటే 3.6 కోట్ల బైట్లు, దాదాపు 36 మెగాబైట్లు. అదే ఫోటో మనకు మూడు నాలుగు మెగాబైట్లకే దొరుకుతోందంటే మధ్యలో గణితం చాలా జరిగింది. గణితం ఎంత ఎక్కువైతే డికోడర్ అంత చిక్కుపడుతుంది. పైగా అది పరుగెత్తాలి. వేలు జరిపితే గ్యాలరీ జారిపోవాలి కదా. అందుకే దశాబ్దాలుగా డికోడర్లను సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో రాశారు. అవి వేగంగా నడుస్తాయి. కానీ కేటాయించుకున్న జాగా దాటి రాస్తుంటే, ఆ భాషలు వాటంతటవి వద్దని ఆపవు.

లెక్క ఎక్కడ తప్పుతుంది: ఒక ఉదాహరణ

ఒక పాతకాలపు డికోడర్ ఉందనుకుందాం. అది వెడల్పును ఎత్తుతో గుణించి, వచ్చిన సంఖ్యను 16 బిట్ల గడిలో, అంటే పదహారు 0, 1 అంకెలు పట్టే గడిలో, రాసుకుంటుంది. 16 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 65,535. అది దాటితే, పాత స్కూటర్ మీటరు 99,999 తర్వాత సున్నాకు తిరిగినట్టు, మళ్లీ మొదటికి వస్తుంది.

బొమ్మ వెడల్పు 300, ఎత్తు 200 అనుకోండి. గుణిస్తే 60,000. గడిలో పట్టింది, ఇబ్బంది లేదు. ఇప్పుడు ఎత్తును 220 చేద్దాం. 66,000 రావాలి. గడిలో మిగిలేది 66,000 లోంచి 65,536 తీసేస్తే వచ్చే 464. డికోడర్ 464 చుక్కలకు జాగా తీసుకుని, 66,000 చుక్కలు పెట్టడం మొదలుపెడుతుంది. సోలెడు పాత్రలో కుంచెడు బియ్యం పోసినట్టు.

ఇప్పటి ప్రోగ్రాముల్లో 32 బిట్ల గడులుంటాయి, వాటి హద్దు 429 కోట్ల పైచిలుకు. అంకె పెద్దదైనంత మాత్రాన జబ్బు మారలేదు. 65,536ను 65,536తో గుణిస్తే ఆ గడిలో మిగిలేది సున్నా.

"సరే, పొంగిపోయింది. పక్కన పడింది. ఫోను ఆగిపోతుంది, అంతేగా?" అన్నారు మాస్టారు. చాలాసార్లు జరిగేది అంతే, యాప్ మూసుకుపోతుంది. కానీ మన ముగ్గు గేటు దాటి పక్కింటి వాకిట్లోకి పోయిందనుకోండి. అక్కడ పలక మీద పాలవాడికోసం "రెండు లీటర్లు, వెనక గుమ్మం దగ్గర పెట్టు" అని రాసి ఉంది. మన గీతలు ఆ అక్షరాలను చెరిపి "తాళం తీసి లోపల పెట్టు" అని అయ్యేలా పడితే? పాలవాడు పలకనే నమ్ముతాడు. కంప్యూటర్ మెమరీలోనూ బొమ్మకు కేటాయించిన జాగా పక్కనే, ప్రోగ్రాము తర్వాత ఎక్కడికి వెళ్లాలో చెప్పే గుర్తులు ఉండవచ్చు. పొంగే ప్రతి బైటునూ ఎంచి తయారుచేసిన బొమ్మ ఆ గుర్తులను మార్చేస్తుంది. ప్రోగ్రాము తన పని తాను చేస్తున్నాననుకుంటూ దాడి చేసినవాడు చెప్పిన చోటికి వెళ్తుంది. దీన్నే బఫర్ ఓవర్‌ఫ్లో అంటారు. ఇలా గురి చూసి కొట్టడం సులువు కాదు. ఫోన్లలో మెమరీ అమరికను ప్రతిసారీ మార్చేసే రక్షణలున్నాయి కాబట్టి, దాడి చేసేవాళ్లు సాధారణంగా రెండు మూడు లోపాలను గొలుసుగా కలపాల్సి వస్తుంది.

2023 సెప్టెంబరు: వెబ్‌పీలో ఏం జరిగింది

గూగుల్ 2010లో వెబ్‌పీ అనే బొమ్మల పద్ధతిని తెచ్చింది. వాట్సాప్ స్టిక్కర్లు ఆ పద్ధతిలోనివే. దాన్ని చదివే లైబ్రరీ పేరు లిబ్‌వెబ్‌పీ. లైబ్రరీ అంటే ఒకరు రాసిపెట్టగా ఎందరో తమ ప్రోగ్రాముల్లో కలుపుకునే కోడ్.

2023 సెప్టెంబరు 6న, ఆపిల్ భద్రతా బృందం, టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్ అనే పరిశోధన బృందం కలిసి ఇందులో ఒక లోపాన్ని గూగుల్‌కు తెలియజేశాయి. మర్నాడే ఆపిల్ తన ఫోన్లకు ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్, విడుదల చేసింది. వాషింగ్టన్ కేంద్రంగా పనిచేసే ఒక పౌర సంస్థ ఉద్యోగి ఐఫోన్‌లో పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ చొరబాటును సిటిజన్ ల్యాబ్ అంతకుముందే పట్టుకుంది; ఆ దాడి ఐమెసేజ్‌లో వచ్చిన బొమ్మల ద్వారా జరిగింది. 11న గూగుల్ క్రోమ్‌ను సవరించింది.

లోపం ఎక్కడుందో చెప్పాలంటే హఫ్‌మన్ కోడింగ్ తెలియాలి. డేవిడ్ హఫ్‌మన్ 1952లో ప్రచురించిన పద్ధతి అది. ఉపాయం చిన్నదే: తరచుగా వచ్చే వాటికి పొట్టి పేరు, అరుదుగా వచ్చే వాటికి పొడుగు పేరు. ఇంట్లో ఎక్కువసార్లు పిలిచే పిల్లవాడు "చిన్నా" అయి, ఏడాదికోసారి వచ్చే బంధువు పూర్తి పేరుతో మిగిలిపోయినట్టు.

ఒక బొమ్మలో నాలుగే రంగులున్నాయనుకుందాం. ఆకాశపు నీలానికి 0, తెలుపుకు 10, ఆకుపచ్చకు 110, ఎరుపుకు 111 అని పేర్లు పెట్టాం. పేర్ల పొడవులు 1, 2, 3, 3. ఫైలులో ఈ పొడవులు మాత్రమే రాస్తే చాలు, పేర్లను డికోడర్ తిరిగి కట్టుకోగలదు. అయితే ఒక నియమం ఉంది. పేర్లకు ఉన్న మొత్తం చోటును ఒకటి అనుకుంటే, ఒక అంకె పేరు అందులో సగం ఆక్రమిస్తుంది, రెండంకెల పేరు పావు, మూడంకెల పేరు అరపావు. సగం, పావు, అరపావు, అరపావు కలిపితే సరిగ్గా ఒకటి కావాలి. తగ్గినా పెరిగినా ఆ పట్టిక తప్పుడు పట్టిక.

వేగం కోసం లిబ్‌వెబ్‌పీ ఈ పేర్లను పెద్ద పట్టికలో ముందే పరిచి పెట్టుకుంటుంది. నియమం పాటించే పట్టికలు ఎంత పెద్దవి కావచ్చో రచయితలు ముందే లెక్కగట్టి, అంత జాగా కేటాయించారు. అన్నిటికంటే చిన్న అమరికలో 2,954 గడులు. లెక్క తప్పలేదు. కానీ అది నియమం పాటించే ఫైలుకు కట్టిన లెక్క. పొడవులు నియమం ప్రకారం ఉన్నాయో లేదో పూర్తిగా తేలేది పట్టిక పరచడం ముగిశాకనే. ఈలోగా అబద్ధపు పొడవులతో వచ్చిన ఫైలు జాగా దాటి రాయించేస్తుంది. సవరణలో చేసింది ఈ క్రమాన్ని మార్చడమే: ముందు రాయకుండా ఒకసారి కట్టి చూసి, సరైనదో కాదో, ఎంత జాగా కావాలో తేల్చుకుని, ఆ తర్వాత రాయడం.

నాకు బాగా పట్టేసిన సంగతి ఇంకొకటుంది. ఈ లైబ్రరీని గూగుల్ ఏళ్ల తరబడి ఫజ్జింగ్ చేస్తూనే ఉంది. ఫజ్జింగ్ అంటే ఫైళ్లను యాదృచ్ఛికంగా చెడగొట్టి కోట్ల సార్లు లోపలికి పంపి, ఎక్కడ కూలుతుందో చూడటం. అది పట్టలేదు. పొడవులను ఏదోలా చెడగొడితే ఫైలు ముందే తిరస్కరణకు గురవుతుంది. చాలా దూరం నిజాయితీగా నడిచి సరైన చోట మాత్రమే అబద్ధమాడే ఫైలు కావాలి. అలాంటిది గాలివాటుగా దొరకదు, ఎవరో కూర్చుని రాయాలి. పరీక్షించే ఉద్యోగంలో ఉన్నవాడిగా ఇది చదివిన రోజు నాకు భోజనం సహించలేదు.

ఒక లోపం, ఎన్నో ఇళ్లు, రెండు నంబర్లు

బయటపడే ప్రతి లోపానికీ సీవీఈ అనే నంబరు ఇస్తారు. బండికి రిజిస్ట్రేషన్ నంబరు లాంటిది. దీనికి మొదట వచ్చిన నంబరు సీవీఈ-2023-4863. తొలి వివరణలో దాన్ని క్రోమ్ బ్రౌజర్ లోపంగా రాశారు. చదివినవాళ్లు క్రోమ్ అప్‌డేట్ చేసుకుని ఊరుకున్నారు. కానీ లోపం ఉన్నది లైబ్రరీలో. అదే కోడ్ ఫైర్‌ఫాక్స్‌లో ఉంది, ఆండ్రాయిడ్‌లో ఉంది, బ్రౌజర్ ఇంజిన్‌ను కడుపులో పెట్టుకుని నడిచే ఎన్నో డెస్క్‌టాప్ యాప్‌లలో ఉంది. ఆ నెలాఖరులో లైబ్రరీ పేరు మీద, తీవ్రత పదికి పదితో, వేరే నంబరు ఇచ్చి, ఇది పాతదే కదా అని రెండు రోజుల్లో రద్దు చేశారు. మొదటి నంబరు వివరణను విస్తరించారు. ఒకే మనిషికి రెండు రేషన్ కార్డులు వచ్చినట్టయింది. వార్తల్లో గందరగోళానికి సగం కారణం ఇదే.

ఔటర్ రింగ్ రోడ్డు పొడవునా ఉన్న ఆఫీసుల్లో ఆ వారాల్లో వినిపించిన ప్రశ్న ఒక్కటే: "మన దగ్గర ఇది ఎక్కడెక్కడ ఉంది?" జవాబు వెంటనే చెప్పగలిగినవాళ్లు తక్కువ. ఒక యాప్ ఇంకో లైబ్రరీని కలుపుకుంటుంది, ఆ లైబ్రరీ మరోదాన్ని. ఇలా నాలుగో మెట్టులో లిబ్‌వెబ్‌పీ కూర్చుని ఉంటే పైనున్నవాడికి దాని పేరు కూడా తెలియదు. సాంబారు పొడి ప్యాకెట్టు మీద దినుసులు రాసినట్టు, సాఫ్ట్‌వేర్‌కూ దినుసుల పట్టిక ఉండాలన్న వాదనకు ఇలాంటి ఘటనలే బలమిచ్చాయి.

తెరవకుండానే ఎలా?

మనం తెరవకపోయినా ఫోను తెరుస్తుంది. నోటిఫికేషన్‌లో చిన్న బొమ్మ చూపించాలన్నా, గ్యాలరీలో గడి నింపాలన్నా, ఫైలును విప్పి చదవక తప్పదు. ఆ పని మన వేలు పడకముందే జరిగిపోతుంది. వినియోగదారుడు ఏమీ నొక్కకుండా పనిచేసే దాడిని జీరో-క్లిక్ అంటారు.

వాట్సాప్‌లో మామూలుగా ఫోటో పంపితే పంపినవాడి యాప్ దాన్ని మళ్లీ కుదించి పంపుతుంది. వంకర పీఠికలు అక్కడే పోతాయి. కానీ దాడి చేసేవాడు మామూలు యాప్ వాడాలని ఎక్కడా లేదు. మధ్యలో సర్వర్ పరీక్షించి ఆపుతుందనుకుంటే, సందేశాలు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే గూఢలిపిలోకి మారి, ఉంటాయి కాబట్టి సర్వర్‌కు లోపలిది కనిపించదు. మన ఉత్తరం పోస్ట్‌మాస్టరు చదవకూడదనుకున్నాం. అందులో ఏముందో ఆయన పరీక్షించలేకపోవడం దాని మరో ముఖం.

ఈ జాతి దాడుల్లో నన్ను నిద్ర పట్టనివ్వనిది 2021 నాటి ఫోర్స్‌డ్‌ఎంట్రీ. సిటిజన్ ల్యాబ్ దాన్ని ఒక సౌదీ ఉద్యమకారుడి ఐఫోన్‌లో కనుగొంది. ఆపిల్ సెప్టెంబరు 13న ప్యాచ్ ఇచ్చింది. వచ్చిన ఫైలు పేరు చివర జిఫ్ అని ఉంది. లోపల ఉన్నది పీడీఎఫ్. దానిలోపల జేబిగ్2 అనే పద్ధతిలో కుదించిన బొమ్మ. స్కాన్ చేసిన నలుపు తెలుపు కాగితాలను చిన్నవి చేయడానికి పుట్టిన పద్ధతి అది. దాన్ని చదివే కోడ్‌లో సరిగ్గా మనం పైన చూసిన పొరపాటే ఉంది: కూడిక గడి దాటి మొదటికి తిరిగింది, జాగా తక్కువ వచ్చింది.

ఆ తర్వాతిది ఊహకు అందదు. రెండు బొమ్మల చుక్కలను ఒకదాని మీద ఒకటి పెట్టి కలపడానికి జేబిగ్2లో కొన్ని తార్కిక క్రియలున్నాయి. దాడి చేసినవాళ్లు 70,000కు పైగా అలాంటి ఆదేశాలను పేర్చి, ఆ బొమ్మ లోపలే లెక్క మధ్యలో అంకెలు పెట్టుకునే గడులు (రిజిస్టర్లు), 64 బిట్ల కూడిక యంత్రం ఉన్న చిన్న కంప్యూటర్‌ను కట్టి, మిగతా దాడిని దాని మీద నడిపారు. సాఫ్ట్‌వేర్ లోపాలు వెతికే గూగుల్ ప్రాజెక్ట్ జీరో బృందం ఆ డిసెంబరులో ఇది విప్పి చూపించింది. మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "లెక్క తెలిసినవాడే" అన్నారు, మెచ్చుకోలో బాధో తెలియని గొంతుతో.

ఎవరికి ప్రమాదం: రెండు వాదాలు

ఒక వాదం: మామూలు జనానికి ఇది దాదాపు వర్తించదు. ఇలాంటి దాడి తయారీకి చాలా ఖర్చవుతుంది. వాడిన ప్రతిసారీ బయటపడే ప్రమాదముంది. కాబట్టి విలేకరులు, ఉద్యమకారులు, రాజకీయ ప్రత్యర్థుల మీదే ప్రయోగిస్తారు. 2015 జులైలో స్టేజ్‌ఫ్రైట్ అనే ఆండ్రాయిడ్ లోపం బయటపడ్డప్పుడు 95 కోట్ల ఫోన్లు ప్రమాదంలో ఉన్నాయన్నారు. ఒక వీడియో మెసేజీ చాలు అన్నారు. 2017లో కూడా, దానితో ఎవరైనా నిజంగా దెబ్బతిన్నట్టు నిర్ధారణ కాలేదని గూగుల్ ఆండ్రాయిడ్ భద్రతాధికారి చెప్పారు. మన దేశంలో పెగాసస్ ఆరోపణల మీద సుప్రీంకోర్టు నియమించిన సాంకేతిక సంఘం 29 ఫోన్లు పరీక్షించింది. ఐదింటిలో ఏదో మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) కనబడినా అది పెగాసస్ అని తేల్చలేకపోయినట్టు 2022 ఆగస్టులో కోర్టు వెల్లడించింది.

రెండో వాదం: ఈరోజు ఖరీదైనది రేపు చవక. ప్యాచ్ విడుదలైన క్షణం, పాత కోడ్‌నూ కొత్త కోడ్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే లోపం ఎక్కడుందో నిపుణులకు తెలిసిపోతుంది. అప్‌డేట్ రాని ఫోన్లకు ఆ ప్యాచ్ రక్షణ ఇవ్వదు, దారి మాత్రం చూపిస్తుంది. పైగా గురి ఐఫోన్ల మీదే కాదు. పాలో ఆల్టో నెట్‌వర్క్స్‌కు చెందిన యూనిట్ 42 బృందం 2025 నవంబరులో ల్యాండ్‌ఫాల్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ గురించి చెప్పింది. శామ్‌సంగ్ గెలాక్సీ ఫోన్లలో బొమ్మలను చదివే లైబ్రరీలోని లోపం దానికి దారి. డీఎన్‌జీ అనే ఫోటో పద్ధతిలో, వాట్సాప్‌లో వచ్చిన బొమ్మల్లాంటి పేర్లతో ఆ ఫైళ్లున్నాయి. 2024 నుంచే వాడుతున్నారు. ప్యాచ్ వచ్చింది 2025 ఏప్రిల్‌లో. గురి అయినవాళ్లు పశ్చిమాసియా ప్రాంతంవారని అంచనా.

నా మటుకు నాకు, రెండు వాదాలూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులనిపిస్తుంది. "మా గ్రూపులో వచ్చిన గులాబీ బొమ్మలో ఇది ఉందా?" అంటే ఉండే అవకాశం అత్యల్పం. "ఈ లోపాలు నిజమా?" అంటే ముమ్మాటికీ నిజం. పుకారు చేసే తప్పు, రెండో ప్రశ్న జవాబును మొదటి ప్రశ్నకు అతికించడం.

గోడ కట్టాలా, భాష మార్చాలా

పరిష్కారం మీద ఇంజినీర్లలో రెండు ధోరణులున్నాయి. డికోడర్‌లో తప్పులుంటాయని ఒప్పుకుని దాన్ని చిన్న గదిలో పెట్టి తాళం వేయడం ఒకటి. దీన్ని శాండ్‌బాక్స్ అంటారు. స్టేజ్‌ఫ్రైట్ తర్వాత 2016లో ఆండ్రాయిడ్ 7 ఇదే చేసింది. వీడియో, ఆడియో పనులన్నీ ఒకే చోట చేసే సేవను విడగొట్టి ఒక్కోదానికి అవసరమైనన్ని అనుమతులే ఇచ్చింది. ఆపిల్ 2020లో ఐమెసేజ్‌కు బ్లాస్ట్‌డోర్ అనే గదిని కట్టింది. కానీ ఫోర్స్‌డ్‌ఎంట్రీలో ఆ నకిలీ జిఫ్‌ను చదివింది ఆ గది బయట ఉన్న మరో ప్రోగ్రాము. గోడ బాగానే ఉంది, పక్కన ఇంకో తలుపు ఉంది. 2022లో వచ్చిన లాక్‌డౌన్ మోడ్ మెసేజీల్లో చాలా రకాల ఫైళ్లను అసలు చదవదు. 2023 దాడిని అది ఆపగలిగేదని ఆపిల్ బృందం సిటిజన్ ల్యాబ్‌కు నిర్ధారించింది. దానికి మూల్యం సౌకర్యం.

రెండో ధోరణి రస్ట్ లాంటి భాషలకు మారడం. హద్దు దాటి రాయబోతే అలాంటి భాషలు ఆపేస్తాయి. క్రోమ్‌లో తీవ్రమైన భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీ పొరపాట్లేనని గూగుల్ 2020లో చెప్పింది. ఆండ్రాయిడ్ లోపాల్లో వాటి వాటా 2019లో 76 శాతం ఉండగా 2024కు 24 శాతానికి దిగింది. పాత కోడ్‌ను తిరగరాసి సాధించింది కాదిది. కొత్త కోడ్‌ను మాత్రమే సురక్షితమైన భాషల్లో రాస్తూ వచ్చారు.

మరి డికోడర్లన్నీ మార్చేయవచ్చుగా? అడ్డం వచ్చేది వేగం. ఏవీ1 వీడియోలను చదివే డావిడ్ అనే డికోడర్‌కు రస్ట్‌లో రావిడ్ అనే జోడీని తయారుచేశారు. అది దాదాపు ఐదు శాతం నెమ్మది. ఆ తేడా తగ్గించినవారికి 20,000 డాలర్ల బహుమతి ఇస్తామని 2025లో ప్రకటించారు. ఐదు శాతమేగా అనిపిస్తుంది కానీ, బ్యాటరీ మీద నడిచే ఫోనులో, కోట్ల వీడియోలు తిప్పే కంపెనీలో, ఐదు శాతం చిన్న లెక్క కాదు.

బాగుచేయాల్సింది ఎవరు

వీడియో, ఆడియో ఫైళ్లను చదివే, మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రాజెక్టు 2000లో మొదలైంది. వీడియోతో పనిచేసే దాదాపు ప్రతి చోటా అది ఏదో రూపంలో ఉంటుంది. చాలావరకు స్వచ్ఛందంగా పనిచేసేవారే దాన్ని నిలబెడుతున్నారు. 2025లో గూగుల్ కృత్రిమ మేధ సాధనం అందులో ఒక లోపం కనిపెట్టింది. 1990ల నాటి లూకాస్‌ఆర్ట్స్ వీడియో గేముల కోసం ఉన్న డికోడర్‌లో. ప్రాజెక్టువాళ్లకు కోపం వచ్చింది: లక్షల కోట్ల కంపెనీ యంత్రాలతో తప్పులు వెతికి, ఆ తర్వాత బయటపెడతామని గడువు పెట్టి మా నెత్తిన పడేస్తోంది, సవరణ పంపొచ్చు కదా, డబ్బైనా ఇవ్వొచ్చు కదా? అవతలివారి వాదన: మేం వెతక్కపోతే చెడ్డవాళ్లు వెతుకుతారు, గడువు లేకపోతే ఏళ్లు గడుస్తాయి, తెలుసుకునే హక్కు వాడేవాళ్లకు ఉంది.

ఎవరూ వాడని పాత పద్ధతిలో లోపానికి ఇంత రాద్ధాంతమా అంటే, జేబిగ్2ను గుర్తు చేసుకోవాలి. మనం వాడకపోయినా చదివే కోడ్ లోపల ఉంటే చాలు, దాడి చేసేవాడు ఆ పద్ధతిలోనే ఫైలు పంపుతాడు. అందుకే ఆ లోపం చెప్పాల్సిందే అనుకుంటాను. చెప్పినవాడు చేతులు దులుపుకోవడం మాత్రం నాకు మింగుడుపడలేదు.

చివరి సాయంత్రం మాస్టారు తన ఫోను చేతికిచ్చారు. కొడుకు నాలుగేళ్లు వాడి ఇచ్చిన ఆండ్రాయిడ్ ఫోను. సెట్టింగుల్లో భద్రతా ప్యాచ్ తేదీ 2022 నవంబరు అని ఉంది. వెబ్‌పీ లోపానికి ఆండ్రాయిడ్ సవరణ వచ్చింది 2023 అక్టోబరులో. క్రోమ్ మాత్రం ప్లే స్టోర్ ద్వారా అంతకుముందు వారమే అప్‌డేట్ అయింది, దాని లోపల ఉన్న లిబ్‌వెబ్‌పీ కొత్తది. పంచాంగం యాప్ ఒకటుంది. అది ఫోను డికోడర్‌ను వాడుకుంటుందో, సొంత నకలు పెట్టుకుందో పైనుంచి చూసి చెప్పడం కుదరదు.

"అంటే ఒకే బొమ్మను ఇందులో ఒకడు సరిగ్గా చదువుతాడు, ఒకడు తప్పుగా చదువుతాడు, మూడోవాడి సంగతి తెలియదు" అన్నారు. అవునన్నాను. ఆయన ఫోను జేబులో పెట్టుకుని, లిఫ్టు వచ్చేలోగా 2022 నవంబరు నుంచి నెలలు వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టారు.